‘ది ఐ ఆఫ్ ద వరల్డ్’ చదవాలా, వద్దా? – తరచుగా అడిగే ప్రశ్నలు

రాబర్ట్ జోర్డన్ రాసిన ‘ది వీల్ ఆఫ్ టైమ్’ వరుసలో ఇది మొదటి నవల. 1990 జనవరిలో వచ్చింది. హనుమకొండలో, కాజీపేటలో, వరంగల్‌లో ఇంగ్లిష్ ఫాంటసీ చదివేవాళ్లు నలుగురు కలిస్తే ఈ పుస్తకం దగ్గర రెండు పార్టీలవుతారు. ఒకరు నెత్తిన పెట్టుకుంటారు, ఇంకొకరు రెండొందల పేజీల దగ్గర పక్కన పడేస్తారు. అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నందుకు వాటిని ఒకచోట చేర్చాం. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. మీకు కావలసిన దగ్గరికి నేరుగా పోవచ్చు. కథ ముగింపు బయటపడే జవాబులన్నీ ఆఖరి భాగంలో పెట్టాం. పుస్తకం పూర్తి చేయనివాళ్లు అటు పోకండి.

## కొనే ముందు

ఒకరు అద్భుతమంటరు, ఇంకొకరు చెత్త అంటరు. ఎవర్ని నమ్మాలె?

వాళ్ల అభిప్రాయం కంటే ముందు, వాళ్లు ఎన్నో పేజీ దాకా చదివారో అడగండి. సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

బాగా మెచ్చుకునేవాళ్లలో చాలామంది 14 పుస్తకాలూ చదివి, మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చినవాళ్లు. వాళ్లకు ఇందులోని చిన్న మాట కూడా తర్వాతి పుస్తకాల్లో మొలకెత్తే విత్తనంలా కనిపిస్తుంది. తిట్టేవాళ్లలో చాలామంది ఊరు దాటకముందే ఆపేసినవాళ్లు. వాళ్లు చదివింది నిజంగానే నెమ్మదిగా సాగే భాగం, పైగా పాత ఫాంటసీల వాసన గట్టిగా వచ్చే భాగం. రెండు పక్షాలూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరి చేతిలో ఉన్నది ఒకే పుస్తకం కాదు, అంతే. ఒక్కసారి పూర్తిగా చదివి, ‘పర్వాలేదు, చివర తేలిపోయింది’ అనే మూడో రకం ఒకటుంది. మా దృష్టిలో సత్యానికి దగ్గరగా ఉన్నది వాళ్లే. కానీ ‘పర్వాలేదు’ అని రాయడానికి ఎవరూ కూర్చోరు కాబట్టి ఆ మాట వినపడదు.

ఇంకో తేడా కాలానిది. 1990లో ఈ పుస్తకం అందుకున్నవాళ్లకు ఇంత పెద్ద కాన్వాసు కొత్త. ఇప్పుడు చదివేవాళ్లు దీని తర్వాత వచ్చిన, దీన్నుంచి నేర్చుకున్న పుస్తకాలను ముందే చదివేసి వస్తున్నారు.

ఏ ఎడిషన్ తీసుకోవాలె? పైసలు దండుగ కావొద్దు.

మామూలు పేపర్‌బ్యాక్ సుమారు 800 పేజీలుంటుంది. కొనేటప్పుడు జరిగే పొరపాట్లు మూడు.

మొదటిది, 2002లో ఈ నవలనే పిల్లల కోసం రెండు ముక్కలు చేసి ‘ఫ్రమ్ ద టూ రివర్స్’, ‘టు ద బ్లైట్’ అనే పేర్లతో వేశారు. సెకండ్ హ్యాండ్‌లో మొదటి ముక్క ఒక్కటే చౌకగా దొరికితే అదే మొత్తం అనుకొని కొనేస్తారు, కథ సగంలో తెగిపోతుంది. ఊరి అమ్మాయి ఎగ్వేన్ చిన్నప్పటి సంగతి చెప్పే ఒక అదనపు ముందు అధ్యాయం తప్ప అందులో కొత్తదేమీ లేదు.

రెండోది, అట్టలన్నీ ఒకే తీరుగా ఉండటం వల్ల రెండో పుస్తకం ‘ది గ్రేట్ హంట్’ తెచ్చుకోవడం. వీపు మీద అంకె చూసుకోండి.

మూడోది అక్షరాల సైజు. చిన్న సైజు పేపర్‌బ్యాక్‌లో అక్షరం బాగా సన్నం. నలభై దాటినవాళ్లు, ట్యూబ్‌లైట్ కింద రాత్రిపూట చదివేవాళ్లు పెద్ద సైజుదో, ఈ-బుక్కో తీసుకోవడం మేలు. ఇంత లావు పుస్తకాన్ని మొదటిసారే నడుమకు విరిచి తెరిస్తే గమ్ము పగిలి పేజీలు ఊడతాయి. ముందు నుంచి ఇరవై పేజీలు, వెనుక నుంచి ఇరవై పేజీలు నొక్కుకుంటూ మధ్యకు రండి.

ఇంగ్లిష్ అంతంత మాత్రమే. చదవగలనా? ఎన్ని రోజులు పడుతది?

వాక్యాలు సాఫీగానే ఉంటాయి. కష్టపెట్టేది వ్యాకరణం కాదు, వస్తువుల పేర్లు. గుర్రపు జీను భాగాలు, బట్టల రకాలు, చెట్లు, సత్రంలో వంటలు. వాటిలో నూటికి తొంభై తెలియకపోయినా కథకు నష్టం లేదు. ప్రతి మాటకూ డిక్షనరీ తీస్తే మూడో రోజే విసుగొస్తుంది. ఒకే మాట మూడుసార్లు ఎదురైతే అప్పుడు చూడండి.

పుస్తకంలో సుమారు మూడు లక్షల మాటలున్నాయి. నిమిషానికి 200 మాటలు చదివేవాళ్లకు 25 గంటలు. తెలుగు మీడియంలో చదువుకొని నిమిషానికి 130 దాకా పోయేవాళ్లకు దగ్గరదగ్గర 38 గంటలు. రోజుకు 25 పేజీల లెక్కన నెలరోజుల పని. వారానికి రెండు రోజులు మాత్రమే చదివితే పేర్లు మరిచిపోతారు. ఈ పుస్తకాన్ని మధ్యలో వదిలేసినవాళ్లను అడిగితే చాలాసార్లు తేలేది అదే: కథ నచ్చక కాదు, తెంపు ఎక్కువై.

మా బాబు ఇంటర్ ఫస్టియర్. చదవనియ్యొచ్చా?

చదవనివ్వొచ్చు. పచ్చి శృంగారం లేదు, బూతులు లేవు. రాక్షసుల దాడి, రక్తం, భయపెట్టే కలలు ఉన్నాయి. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు ఇబ్బంది ఉండదు. పరీక్షల ముందు మాత్రం చేతికివ్వకండి, ఒకటి అయిపోగానే ఇంకా 13 ఉన్నాయి.

‘న్యూ స్ప్రింగ్’ కథ ప్రకారం ముందు జరుగుతది కదా, అదే ముందు చదవాల్నా?

వద్దు. అది ఈ వరుసకు ముందుకథ, 2004లో, పదో పుస్తకం తర్వాత వచ్చింది. మొరేన్ అనే మంత్రగత్తె ఎవరు, ఎవరికోసం వెతుకుతోంది అనేది మొదటి పుస్తకంలో మీరు అనుమానపడుతూ చదవాలి. ‘న్యూ స్ప్రింగ్’ ముందు చదివితే ఆ అనుమానం చచ్చిపోతుంది. అచ్చైన వరుసే సరైన వరుస.

వెబ్ సిరీస్ చూసిన. ఇగ పుస్తకం ఎందుకు?

అమెజాన్ ప్రైమ్‌లో 2021 నవంబర్‌లో మొదలై మూడు సీజన్ల తర్వాత 2025లో ఆగిపోయింది. మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లు. 53 అధ్యాయాలను అందులో ఇరికించడానికి చాలా మార్చారు. తెరమీద పెర్రిన్ అనే కుర్రాడికి పెళ్లయి ఉంటుంది, పుస్తకంలో అతనికి పెళ్లి కాలేదు. పుస్తకంలో శత్రువు వెతికేది ముగ్గురు కుర్రాళ్లను (రాండ్, మాట్, పెర్రిన్). తెరమీద ఆ అనుమానాన్ని ఆడపిల్లల మీదికి కూడా పంచారు. ముగింపు కూడా వేరు.

సిరీస్ చూసి వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది మొరేన్ విషయంలో. తెరమీద కథకు కేంద్రం ఆమె. పుస్తకంలో దాదాపు 20వ అధ్యాయం దాకా మనం అన్నీ రాండ్ అనే గొర్రెల కాపరి కళ్లతోనే చూస్తాం. ఆమె మనసులో ఏముందో అతనికి తెలియదు, మనకూ తెలియదు. ఆ తెలియకపోవడమే పుస్తకంలోని రుచి.

కాజీపేట నుంచి సికింద్రాబాద్ రోజూ అప్ అండ్ డౌన్. ఆడియోబుక్ వింటే సరిపోతదా?

సరిపోతుంది, కొందరికి అదే మేలు. మైకేల్ క్రేమర్, కేట్ రీడింగ్ చదివిన ఆడియో సుమారు 30 గంటలు. ఒక వైపు ప్రయాణం రెండు గంటలనుకుంటే పదిహేను ప్రయాణాలు. మగ పాత్రల వైపు నుంచి సాగే అధ్యాయాలు ఆయన, ఆడ పాత్రలవి ఆమె చదువుతారు. మొరేన్ పాత్ర వేసిన రోజమండ్ పైక్ చదివిన ఇంకో రికార్డింగ్ కూడా ఉంది.

చిక్కు ఒకటే: మ్యాపు కనబడదు. ఫోన్‌లో మ్యాపు బొమ్మ ఒకటి దాచుకోండి. రైల్లో నిద్రపడితే ఎక్కడ వదిలారో వెతకడం కష్టం, స్లీప్ టైమర్ పెట్టుకోవడం మరవకండి.

## మొదటి నూటయాభై పేజీలు

మొట్టమొదట ఉన్న లూస్ థెరిన్ ఎవరు? ఆ తర్వాత ఆయన ముచ్చటే లేదు.

కూలిపోయిన మేడలో ఒక మనిషి భార్యను పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతుంటాడు. ఆమె శవం అతని కాళ్ల దగ్గరే ఉంటుంది, అతనికి కనబడదు. పిచ్చిలో తనే చంపాడన్న సంగతి శత్రువు వచ్చి మతి తెప్పించాక గానీ తెలియదు. ఇది అసలు కథకు మూడువేల ఏళ్లకు పైగా ముందు జరిగింది.

అర్థం కాకపోతే కంగారు పడొద్దు. అక్కడ పట్టుకోవలసింది ఒక్క ముక్క: ఈ లోకంలో మంత్రశక్తికి రెండు సగాలు, ఆడసగం, మగసగం. మగసగం కలుషితమైంది. దాన్ని ముట్టుకున్న మగవాడు పిచ్చివాడవుతాడు. మిగతాదంతా మరిచిపోయినా నడుస్తుంది. పుస్తకం ముగిశాక ఆ కొన్ని పేజీలు మళ్లీ చదవండి, అప్పుడు ప్రతి వాక్యం తగులుతుంది.

ఇది ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’కు కాపీనేనట గదా?

మొదటి భాగం వరకు పోలిక నిజం. మారుమూల పల్లె, నల్ల బట్టల రౌతు, దారి చూపే మంత్రగత్తె, రాజ్యం పోయిన కత్తివీరుడు, పట్నంలో సత్రం, చీకటి దారిలో ప్రయాణం. వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మొదటి పేజీల్లో టోల్కీన్ పల్లెను గుర్తుచేయాలని కావాలనే అలా రాశానని జోర్డన్ స్వయంగా చెప్పాడు. తెలిసిన గడపలోంచి పాఠకుణ్ని లోపలికి రానిచ్చి, ఆ తర్వాత ఇల్లంతా వేరేదని చూపించడం ఆయన పద్ధతి.

అయితే కావాలని చేశాడు కాబట్టి తప్పు లేదనడం కూడా అతి. టోల్కీన్‌ను ఈమధ్యే చదివినవాళ్లకు మొదటి 18 అధ్యాయాలు చద్దన్నంలా ఉంటాయి. అది వాళ్ల లోపం కాదు. ఆర్నెల్ల ఎడమిచ్చి చదవమంటాం.

ఎక్కడ వేరవుతుందంటే, దారి చూపే మనిషి దగ్గర. టోల్కీన్ ముసలి మాంత్రికుణ్ని పాఠకుడు నమ్ముతాడు. మొరేన్‌ను ఆ ఊరి పిల్లలు నమ్మరు. ఆమె తమను కాపాడుతోందా, వాడుకుంటోందా అన్నది పుస్తకమంతా నలుగుతూనే ఉంటుంది. ఆమె వర్గంవాళ్లు అబద్ధమాడకూడదని ఒట్టు పెట్టుకున్నవాళ్లు. అయినా ఎవరూ వాళ్లను నమ్మరు. ఎందుకో మనకు చెప్పనక్కర్లేదు: ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా, ‘కుంజరః’ అని మెల్లగా అన్న ధర్మరాజు మనకు తెలుసు. మొరేన్ మాట్లాడినప్పుడల్లా ఆ మెల్లగా అన్న మాట ఏదో వెతుక్కోండి.

వంద పేజీలైనా ఏం జరుగుతలేదు. ఎప్పుడు షురూ అయితది?

దాడి జరిగేది 5వ అధ్యాయంలో. దానికి ముందు నాలుగు అధ్యాయాలూ పండగకు సిద్ధమయ్యే పల్లె: సద్దుల బతుకమ్మ ముందురోజు ఊళ్లో ఉండే సందడిలాంటిది. చలికాలం పోవడం లేదు, బేరగాడు వచ్చాడు, కథలు చెప్పి గారడీ చేసే థామ్ వచ్చాడు. మన దగ్గర ఒగ్గుకథ చెప్పేటాయన, పగటివేషగాడు ఒకే మనిషైతే ఎట్లుంటాడో అట్లా ఉంటాడతను. ఊరి పంచాయతీకీ ఆడవాళ్ల సంఘానికీ పడదు. దాడి తర్వాత పోయేదేమిటో మనకు తెలియాలని రచయిత ఇదంతా పరుస్తాడు.

భయం మాత్రం మొదటి అధ్యాయంలోనే ఉంది. దారిమీద గాలి విసిరికొడుతుంటుంది, రాండ్ పైబట్ట ఎగిరిపోతుంటుంది. వెనక్కి తిరిగి చూస్తే గుర్రంమీద ఒక నల్లటి ఆకారం. దాని అంగీ అంచు కూడా కదలదు. రచయిత అక్కడ ఇంకేమీ చెప్పడు. వేగంగా తిప్పేవాళ్లు ఆ రెండు వాక్యాలను దాటేసి ‘ఏం జరగలేదు’ అంటారు.

6వ అధ్యాయం ఈ పుస్తకంలో బాగా రాసిన వాటిలో ఒకటి. గాయపడ్డ తండ్రిని బండి కాడికొయ్యలతో కట్టిన స్ట్రెచర్ మీద పడుకోబెట్టి రాత్రంతా అడవిలోంచి ఈడ్చుకొస్తాడు కొడుకు. జ్వరంలో తండ్రి పలవరించే మాటలు అతను వినకూడనివి. ఈ అధ్యాయం కూడా మీకు ఏమీ అనిపించకపోతే, ఈ రచయిత మీకు పడడు.

పేర్లు నోరు తిరుగుతలేవు. ఎట్ల పలకాలె?

పుస్తకం చివర పదకోశంలో ఉచ్చారణ ఇచ్చారు. మన లిపిలో రాసుకుంటే ఇంకా సులువు. ఏస్ సెడై కాదు, ‘ఐజ్ సెడై’ (మొరేన్ వర్గం పేరు). మొయిరైన్ కాదు, ‘మ్వారేన్’, ఈ పేజీలో చదవడానికి వీలుగా మొరేన్ అని రాస్తున్నాం. ‘నైనీవ్’ (ఊరి వైద్యురాలు), ‘ఎగ్వేన్’, ‘కేమ్‌లిన్’ (నగరం), ‘సాయిదీన్’ (మగసగం శక్తి), ‘సాయిదార్’ (ఆడసగం). అక్షరాల్లో కనిపించే పైకామాను పట్టించుకోకండి. చీకటి దేవర అసలు పేరు ‘షైతాన్’, ఆ మాట మన వీధుల్లో రోజూ వినేదే కాబట్టి దానికి సాయం అక్కర్లేదు.

పేర్లు గుర్తులేక ఇంటర్నెట్‌లో వెతకడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పేరు సగం కొట్టగానే ఆ పాత్ర ఎవర్ని పెళ్లాడుతుందో, ఎప్పుడు చస్తుందో వెతుకుడు పెట్టెలోనే కనబడుతుంది. పుస్తకంలోని పదకోశానికే పరిమితం కండి.

కాలచక్రం, యుగాలు, మళ్లీ పుట్టుడు – ఇదంతా మనదేనా?

చక్రంలా తిరిగే కాలం, మళ్లీ పుట్టే ఆత్మలు అనే ఊహ మన పాఠకులకు ఇంగ్లిష్ పాఠకులకంటే త్వరగా ఎక్కుతుంది. కానీ అచ్చంగా మనది కాదు. ఇక్కడ యుగాలు నాలుగు కాదు, ఏడు. కర్మఫలం లెక్క లేదు, మోక్షం లేదు. చక్రం తిరుగుతుంది, అవసరమైనప్పుడు పాత ఆత్మను మళ్లీ బయటికి తీస్తుంది.

ఆ చక్రం చేసే పని నేత. ఇంగ్లిష్‌లో ‘ప్యాటర్న్’ అన్న మాట దగ్గర చాలామంది తికమక పడతారు. కొత్తవాడలో దరీలు నేసే మగ్గం ముందు కాసేపు నిలబడినవాళ్లకు తికమక ఉండదు. పడుగు, పేక, ఒక్కో బతుకు ఒక్కో పోగు. కొన్ని పోగులు చుట్టూ ఉన్నవాటిని తమవైపు లాగుతాయి. అలాంటి మనిషిని పుస్తకంలో ‘టవెరెన్’ అంటారు. రాండ్ వచ్చిన ఊళ్లో విచిత్రాలు జరగడం కాకతాళీయం కాదు, పోగు లాగడం.

## నడుమ

ఎక్కడిదాంక చదివి నచ్చకపోతే ఇడిచిపెట్టొచ్చు?

19వ అధ్యాయం ముగిసేదాకా. అంటే మూడోవంతు కంటే కాస్త ఎక్కువ.

కారణం ఉంది. 19లో వాళ్లు షాడార్ లోగోత్ అనే పాడుబడ్డ నగరంలో తలదాచుకుంటారు. ఆ నగరాన్ని రాక్షసులు కూల్చలేదు. చీకటి మీద ద్వేషంతో లోపలివాళ్లే ఒకరినొకరు అనుమానించి, ఆ అనుమానమే ఒక ప్రాణిగా మారి ఊరిని తినేసింది. చీకటికి శత్రువైన ఇంకో చీడ అది, రాక్షసులు కూడా లోపల అడుగుపెట్టడానికి జంకుతారు. పాత పుస్తకాల నీడ పూర్తిగా తొలగి జోర్డన్ సొంత ఊహ కనబడేది ఇక్కడే. ఇది చదివి కూడా తర్వాతి పేజీ తిప్పాలనిపించకపోతే సంతోషంగా మూసేయండి. 53వ అధ్యాయం దాకా పళ్లు బిగబట్టి చదివి తర్వాత తిట్టుకోవడం ఎవరికీ పుణ్యం కాదు.

అందరు విడిపోయినంక బోర్ కొడతాంది. ఎవరు ఎక్కడున్నరో సమజైతలేదు.

20, 21 అధ్యాయాల్లో గుంపు మూడు ముక్కలవుతుంది. ఒక చీటీమీద ఇది రాసి పుస్తకంలో పెట్టుకోండి.

రాండ్, మాట్, థామ్ నదిమీద పడవలో: 24, 26. తర్వాత రాండ్, మాట్ మాత్రమే: 31 నుంచి 36. పెర్రిన్, ఎగ్వేన్, తోడేళ్లతో మాట్లాడే మనిషి: 22, 23, 25, 27, 29, 30. నైనీవ్, మొరేన్, ఆమెకు కాపలా ఉండే కత్తివీరుడు లాన్: 21, 28, 37. 38లో రెండు దారులు కలుస్తాయి, 41లో అందరూ.

విసుగు పుట్టేది ఎక్కువగా 31 నుంచి 34 దాకా. తిండికి సత్రాల్లో వేణువు ఊదడం, గడ్డివాముల్లో పడుకోవడం, పారిపోవడం, మళ్లీ సత్రం. కాశీ మజిలీల్లాగా సాగుతుంది, కానీ ప్రతి మజిలీకీ కొత్త కథ ఉండదు. ఇందులో సగం కోసేసినా పుస్తకానికి నష్టం లేదని మా అభిప్రాయం. అయినా 32 మాత్రం వదలకండి, అక్కడ పిడుగుతో జరిగేది తర్వాత పనికొస్తుంది.

33 దగ్గర కథ ముందుకు పోతాందా, వెనక్కు పోతాందా?

రెండూ. అధ్యాయం మొదలయ్యేసరికి వాళ్లు బండిమీద ఉంటారు, తర్వాత కథ అంతకుముందు రోజులకు వెనక్కి మళ్లుతుంది. రచయిత గట్టిగా హెచ్చరించడు. ప్రింటింగ్‌లో పేజీలు తారుమారయ్యాయని అనుకున్నవాళ్లున్నారు. పేజీలు సరిగ్గానే ఉన్నాయి. బండిమీద కూర్చొని జరిగినదంతా తలుచుకుంటున్నాడని పెట్టుకొని చదవండి.

ఈ కలలు ఎందుకు ఇన్నిసార్లు? దాటేయొచ్చా?

దాటేయొద్దు. పొడవుగా ఉన్నవాటిని వేగంగా చదవండి. బేర్లన్ అనే పట్నంలో సత్రంలో రాండ్‌కు వచ్చే కలలో శత్రువు ఎదుటే ఒక ఎలుక వెన్ను విరుగుతుంది. తెల్లారి సత్రం యజమాని, రాత్రి ఎలుకలు చచ్చాయనీ, అన్నిటికీ వెన్ను విరిగి ఉందనీ గొణుగుతూ ఉంటాడు. వంటింటి ఫిర్యాదులా వచ్చిపోయే ఆ మాటతో కల కల కాదని తేలుతుంది. జోర్డన్ తరచుగా చేసే పని ఇది: ముఖ్యమైన సంగతిని పనికిరాని కబురులో చుట్టి ఇస్తాడు.

ఆడపాత్రలన్నీ కోపమే. నైనీవ్ ఎప్పుడూ జడ గుంజుకుంటది. రచయితకు ఆడోళ్లంటే పడదా?

ఇక్కడ చదివేవాళ్లు నిజంగా రెండుగా చీలిపోతారు, రెండు వైపులా బలం ఉంది.

ఈ లోకంలో మంత్రశక్తి సురక్షితంగా ఆడవాళ్ల చేతిలోనే ఉంది. కాబట్టి అధికారం వాళ్లది. రాణులు, సలహాదారులు, ఊరి వైద్యురాలు. రుద్రమదేవి ఏలిన ఊరివాళ్లకు, సమ్మక్క–సారలమ్మకు మొక్కేవాళ్లకు ఇది వింతేమీ కాదు. 1990 నాటి ఇంగ్లిష్ ఫాంటసీకి మాత్రం పెద్ద మార్పే. నైనీవ్ ఒంటరిగా అడవిలో జాడ పట్టుకొని బేర్లన్ దాకా వస్తుంది, లాన్‌కే ఆశ్చర్యం.

అయితే అధికారం ఇచ్చినంత ధారాళంగా ఆయన వాళ్లకు వేర్వేరు గొంతులు ఇవ్వలేదు. ఆడవాళ్లు మగవాళ్లను మూర్ఖులంటారు, మగవాళ్లు ఆడవాళ్లు అర్థం కారంటారు, అదే హాస్యం మళ్లీ మళ్లీ. మొదటి పుస్తకంలో ఇది భరించే మోతాదులోనే ఉంది. ఇక్కడే చిరాకు పడినవాళ్లకు తర్వాతి పుస్తకాల్లో ఇంకా ఎక్కువవుతుందని ముందే చెబుతున్నాం. జడ గుంజుడు కూడా.

## ముగించినంక (కథ చివర బయటపడుతుంది)

చివర ఏం జరిగిందో అర్థం కాలే. నాదే తప్పా?

మీది కాదు. 50, 51 అధ్యాయాలు హడావుడిగా ఉన్నాయి. ఇన్ని వందల పేజీలు నింపాదిగా నడిపిన మనిషి చివరికొచ్చేసరికి పరుగెత్తాడు. పుస్తకాన్ని ప్రేమించేవాళ్లు కూడా చాలామంది ఈ మాట ఒప్పుకుంటారు.

చిక్కు నాలుగు చోట్ల ఉంది. ప్రయాణం ఎక్కడికన్నది 42, 43 అధ్యాయాల్లో గానీ తేలదు, అప్పటిదాకా అందరూ మొరేన్ వర్గంవాళ్ల నగరం టార్ వాలన్‌కు పోతున్నారనే అనుకుంటాం. అగినోర్, బాల్తమెల్ అనే పాతకాలపు శత్రువులు ఆఖరి నిమిషంలో ప్రత్యక్షమవుతారు, వాళ్లమీద మనకు ముందునుంచీ భయం పెరగలేదు. రాండ్ ఎప్పుడూ నేర్చుకోని శక్తిని వాడతాడు, దాని నియమాలు మనకు తెలియవు. పైగా పెద్దక్షరాల్లో ఒక గొంతు వినబడుతుంది, అది ఎవరిదో చెప్పరు.

51ని మూడు ముక్కలుగా విడదీసి చదవండి. ఒకటి, ‘ఐ’ దగ్గర అగినోర్‌తో పోరు. రెండు, అక్కడినుంచి టార్విన్స్ గ్యాప్ యుద్ధభూమికి చేరి ట్రాలక్ అనే రాక్షసుల సైన్యాన్ని కూల్చడం. మూడు, మెట్లెక్కి, కలల్లో వచ్చిన శత్రువు బాల్‌జమన్ గదిలోకి పోవడం. మొదటిసారి చదివినప్పుడు ఈ మూడింటి మధ్య అతుకులు కనబడవు, అందుకే మబ్బుగా ఉంటుంది. చీకటి దేవరను చంపేశానని రాండ్ అనుకుంటాడు. అతను అనుకున్నాడు, అంతే. పుస్తకం ఆ మాట అనలేదు.

ఇంతకీ ఆ ‘ఐ’ అంటే ఏంది? కన్నా?

కన్ను ఆకారమేమీ లేదు. కలుషితం కాని మగసగం శక్తిని పూర్వకాలపువాళ్లు ఒక కొలనుగా దాచిపెట్టారు, దాన్ని కాపాడుతూ గ్రీన్ మ్యాన్ అనే ఆకులూ తీగలతో అల్లిన మనిషి ఉంటాడు. తాగునీటి ట్యాంకు అనుకోండి, ఒకసారి వాడితే ఖాళీ.

ఇదొక్కటే చదివి ఆపొచ్చా?

ఆపొచ్చు. ఒక ప్రయాణం మొదలై ముగుస్తుంది, వేలాడే కొండ అంచుమీద వదిలెయ్యదు. కానీ మిగిలిన ప్రశ్నలే ఎక్కువ.

మీరు తేల్చుకోవడానికి ఒక కొలబద్ద. లోకం, చరిత్ర, పాత నగరాలు నచ్చి, ముగింపు మాత్రం నచ్చలేదా? అయితే రెండోది చదవండి. అది అదే 1990 నవంబర్‌లో వచ్చింది, ముగింపులో చాలా మెరుగు, టోల్కీన్ నీడ దాదాపు లేదు. చాలామందికి ఈ వరుస పూర్తిగా పట్టుకునేది 1992లో వచ్చిన నాలుగోదానితో. లేదు, మీకు నచ్చనిది నెమ్మదితనం, వర్ణన, బట్టల అంచుల కుట్టుపని అయితే ఇక్కడే ఆగండి. ఏడు నుంచి పది వరకు పుస్తకాలు దీనికి పదింతల నెమ్మది. 2003లో వచ్చిన పదో పుస్తకం దగ్గర వీరాభిమానులే నీరసపడ్డారు.

రచయిత నడుమల్నే చనిపోయిండట. మరి కథ పూర్తయిందా?

పూర్తయింది. జోర్డన్ 2007 సెప్టెంబర్‌లో గుండెకు సంబంధించిన అమిలాయిడోసిస్‌తో చనిపోయాడు. 11 పుస్తకాలు ఆయనవి. చివరి ఘట్టం కొంత ఆయనే రాసి, మిగతాదానికి నోట్స్ వదిలివెళ్లాడు. ఆయన భార్య, ఈ పుస్తకాల ఎడిటర్ కూడా అయిన హారియెట్ మెక్‌డూగల్, బ్రాండన్ శాండర్సన్‌ను ఎంచుకున్నారు. 2009, 2010, 2013లలో చివరి మూడూ వచ్చాయి.

రెండోసారి చదివితే ఏం కొత్తగ కనబడుతది?

ముందు పేడన్ ఫెయిన్. 3వ అధ్యాయంలో బేరగాడి బండి ఊళ్లోకి వచ్చినప్పుడు అందరూ సంబరపడతారు. అతనెవరో తెలిశాక ఆ అధ్యాయం చదివితే ప్రతి నవ్వూ వేరుగా వినబడుతుంది. ఆ తర్వాత తండ్రి పలవరింత, కేమ్‌లిన్ రాజభవనం తోటలో రాండ్ గోడమీంచి పడ్డప్పుడు ఎలైడా అనే సలహాదారు అతన్ని చూసి అన్న మాటలు.

అన్నిటికంటే 15వ అధ్యాయం దగ్గర ఆగండి. బేర్లన్‌లో మిన్ అనే అమ్మాయికి మనుషుల చుట్టూ బొమ్మలు కనిపిస్తాయి. ఎవరికి ఏం కనిపించిందో ఒకటి రెండు వాక్యాల్లో గబగబా చెప్పేస్తుంది: కత్తి కాని కత్తి, ఆకుల కిరీటం, బిచ్చగాడి కర్ర, ఇసుకమీద పోసిన నీళ్లు. మొదటిసారి అందరూ దాటేస్తారు. ఆ జాబితా మొత్తం ఒక కాగితంమీద ఎత్తి రాసుకొని, తర్వాతి పుస్తకాల్లో ఒక్కోటి నిజమైనప్పుడల్లా టిక్కు పెట్టుకోండి. కాగితం గట్టిది తీసుకోండి, కొన్నిటికి చివరి పుస్తకాల దాకా టిక్కు పడదు.